యాక్సిడెంట్ కేసు రాజీ అయి నెలలు గడిచాయి, లాయర్ గారు డబ్బు సంగతి తేల్చట్లేదు

మిర్చియార్డ్_శీను
మా బావ ఆటో నడుపుతాడు. 2021లో చిలకలూరిపేట దాటాక హైవే మీద లారీ వెనక నుంచి గుద్దితే కుడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. ఇప్పటికీ క్లచ్ బాగానే పడతాడు గానీ బ్రేక్ మీద కాలు ఆనించాలంటే మొహం మాడ్చుకుంటాడు. కేసు వేశాం, నాలుగేళ్లు వాయిదాలు తిరిగాం, ఈ మార్చి లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీతో 9 లక్షలకు రాజీ కుదిరింది. "నెలన్నరలో డబ్బు మీ చేతిలో ఉంటుంది" అన్నారు లాయర్ గారు. ఉగాది పోయింది, దసరా పోయింది, దీపావళి కూడా పోయింది. మొదట్లో "కంపెనీ ఇంకా వేయలేదు" అన్నారు. తర్వాత "జడ్జి గారు ట్రాన్స్‌ఫర్ అయ్యారు" అన్నారు. ఇప్పుడు ఆయన ఫోనే ఎత్తరు. జూనియర్ ఎత్తి "సార్ కోర్టులో ఉన్నారు" అంటాడు, రాత్రి తొమ్మిదింటికి చేసినా అదే మాట.

ఇంకో విషయం. కేసు వేసేటప్పుడే బావ పేరున కొత్త బ్యాంకు ఖాతా తెరిపించారు. పాస్‌బుక్కు, సంతకం పెట్టిన రెండు ఖాళీ చెక్కులు ఆయన దగ్గరే ఉన్నాయి. ఫీజు 20 శాతం అని నోటిమాట, కాగితం ఏమీ లేదు. ఆపరేషన్‌కి అక్క 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది, అది ఇంకా నడుస్తూనే ఉంది. అసలు డబ్బు వచ్చిందో లేదో ఆయన్ని అడక్కుండా మేమే తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

ఖమ్మం_కుర్రోడు
రాత్రి తొమ్మిదింటికి కూడా కోర్టు నడుస్తోందంటే ఇక దేశంలో పెండింగ్ కేసులు ఉండవన్నమాట. శుభవార్త.

రాజమండ్రి_రాణి
ఖాళీ చెక్కుల మీద సంతకాలా!! మిగతా ప్రశ్నలన్నీ తర్వాత. రేపు పొద్దున్నే బావ గారిని ఆధార్‌తో ఆ బ్యాంకుకి తీసుకెళ్లండి. ఖాతా తెరిచినప్పటి నుంచి స్టేట్‌మెంట్ తీయించండి, ఆ రెండు చెక్కులకీ స్టాప్ పేమెంట్ ఇవ్వండి. చెక్కు నంబర్లు తెలియకపోయినా ఆ ఖాతాకి ఇచ్చిన చెక్కుబుక్కు వివరాలు బ్యాంకులో ఉంటాయి. ఖాతాకి లింకైన ఫోన్ నంబరు ఎవరిదో కూడా చూడండి. మా చుట్టాలావిడ ఖాతాకి లాయర్ గుమాస్తా నంబరు ఇచ్చారు. మెసేజీలన్నీ అతనికే వెళ్లేవి.

ఆటోవాలా_99
మా స్టాండ్‌లో ఒకతనికి ఇలాగే జరిగింది. హాస్పిటల్ బెడ్డు మీద ఉండగానే ఒకడు ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని వచ్చి వకాలత్ మీద సంతకం తీసుకుపోయాడు. ఆ లాయర్ మొహం మావాడు రెండేళ్ల దాకా చూడలేదు. డబ్బులు వచ్చాక సగం ఏజెంట్‌కీ లాయర్‌కీ పోయాయి.

మిర్చియార్డ్_శీను
మాకు ఏజెంట్ లేడు ఆటో అన్నా. తెలిసినాయనే అని వెళ్లాం. అందుకే గట్టిగా అడగలేకపోతున్నాం.

కోర్టుపక్షి
శీను గారూ, డబ్బు మూడు చోట్లలో ఎక్కడైనా ఆగి ఉండొచ్చు: కంపెనీ, కోర్టు, లాయర్. ఎక్కడ ఆగిందో తేలకుండా ఎవరి మీద పడినా గాలిలో రాయి వేసినట్టే.

ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసుకోండి. కేసు కాగితాల మీద 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది దొరక్కపోతే ఎంవీఓపీ నంబరు (అంటే యాక్సిడెంట్ కేసు నంబరు), సంవత్సరం కొట్టండి. అదీ లేకపోతే బావ గారి పేరుతో వెతకండి. లోక్ అదాలత్‌లో ముగిసింది కాబట్టి కేసు "డిస్పోజ్డ్" అని వస్తుంది, చాలామంది అది చూసి మూసేస్తారు. మీరు కిందికి జరిపి ఐఏలు, అంటే అదే కేసులో వేసే చిన్న పిటిషన్లు, ఏమైనా ఉన్నాయా చూడండి. జమ అయిన డబ్బు తీసుకోవడానికి మన తరఫున ఒక పిటిషన్ పడాలి, మన కోర్టుల్లో అందరూ చెక్ పిటిషన్ అంటారు. దానికి నంబరు పడితేనే యాప్‌లో కనిపిస్తుంది. కనిపించకపోతే కోర్టు ఆఫీసుకి బావ గారే ఆధార్ పట్టుకుని వెళ్లి, ఎంవీఓపీ నంబరు చెప్పి "డిపాజిట్ పడిందా, ఏ తేదీన, ఎంత" అని అడగాలి. ఆయన కేసులో పార్టీ. దానికి లాయర్ వెంట ఉండక్కర్లేదు.

రిటైర్డ్_క్లెయిమ్స్
నేను ప్రభుత్వ రంగ ఇన్సూరెన్స్ కంపెనీలో మోటార్ థర్డ్ పార్టీ సెక్షన్‌లో చేసి రిటైర్ అయ్యాను. లోపల ఎలా జరుగుతుందో చెబుతాను.

లోక్ అదాలత్‌లో సంతకాలు అయిపోగానే డబ్బు కదలదు. అవార్డు (రాజీ షరతులు రాసిన ఉత్తర్వు) కాపీ మా ప్యానల్ అడ్వకేట్, అంటే కంపెనీ తరఫు లాయర్, చేతికి వచ్చి, ఆయన ఆఫీసుకి పంపితే, అప్పుడు ఫైలు లేస్తుంది. ఆ కాపీ చేరడానికే ఒక్కోసారి నెల పట్టేది. ఆ తర్వాత మంజూరు, అకౌంట్స్, అక్కడి నుంచి కోర్టు ఖాతాకి ఆన్‌లైన్లో జమ. జమ చేసినట్టు మా అడ్వకేట్ కోర్టులో మెమో వేస్తాడు. ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు) తీర్పు అయితే మోటార్ వాహనాల చట్టం 168 సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో మొత్తం జమ చేయాలి. రాజీ అయితే గడువు అవార్డులోనే రాస్తారు, గడువు దాటితే వడ్డీ ఎంతో కూడా చాలావాటిలో ఉంటుంది. మీ అవార్డు కాపీలో ఆ లైను చదవండి.

మార్చిలో రాజీ అయిన కేసుకి కార్తీక మాసం దాకా కంపెనీ కట్టలేదంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. సాగదీసినందువల్ల కంపెనీకి ఒరిగేదేమీ లేదు.

మిర్చియార్డ్_శీను
అవార్డు కాపీ మా దగ్గర లేదండీ. లాయర్ గారి దగ్గరే ఉంది.

కోర్టుపక్షి
అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి, మీ దగ్గర ఏముందో చెప్పండి. లోక్ అదాలత్ అవార్డు కాపీ పార్టీలకి ఉచితంగా ఇస్తారు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, అక్కడ అడగండి.

నల్లకోటు
చదువుతూ వచ్చాను. లాయర్ అంటే దొంగ అనే లెక్కలోనే నడుస్తోంది థ్రెడ్. రెండో వైపు కూడా వినండి.

ప్రమాదం కేసుల్లో నూటికి తొంభై మంది క్లయింట్లు మొదట పైసా ఇవ్వరు, ఇవ్వలేరు కూడా. స్టాంపులు, టైపింగు, నోటీసులు, వైకల్యం సర్టిఫికెట్, అన్నీ మేమే పెట్టుకుంటాం. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారిని సాక్ష్యానికి రప్పించడం అలిగిన అల్లుణ్ని పండక్కి రప్పించడం లాంటిది. ఆయన వచ్చి "ఇంత శాతం వైకల్యం" అని చెప్పకపోతే 9 లక్షల మాట ఎత్తే అవకాశమే లేదు. ఇంత చేశాక డబ్బు నేరుగా క్లయింట్ ఖాతాలో పడుతుంది. పడిన సాయంత్రమే ఫోన్ స్విచ్ఛాఫ్. నాకు స్వయంగా జరిగింది, ఒకసారి కాదు. ఖాళీ చెక్కులు ఎందుకు పుట్టాయంటే ఇందుకే పుట్టాయి. అది ఒప్పు అని నేను అనడం లేదు, నేను తీసుకోను కూడా.

శీను గారి కేసులో ఆయన ఫోన్ ఎత్తకపోవడం మాత్రం తప్పే. డబ్బు వచ్చిందనో రాలేదనో చెప్పడానికి అర నిమిషం చాలు.

రాజమండ్రి_రాణి
నల్లకోటు గారూ, మీ కష్టం నిజమే. కానీ శాతం లెక్కన ఫీజు మాట్లాడుకోవడమే బార్ కౌన్సిల్ నియమాల్లో నిషేధం కదా? కేసు ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన దాంట్లో వాటా, రెండూ కూడదని 20వ నియమం చెబుతోంది. క్లయింట్ తరఫున డబ్బు అందితే వెంటనే తెలియజేయాలి, లెక్క అడిగితే ఇవ్వాలి, ఇవి కూడా అందులోనే ఉన్నాయి. మీరు పాటించే నియమాలు కొన్ని, పాటించనివి కొన్నా?

నల్లకోటు
నియమం ఉంది, నిజం. ఏ కోర్టు ఆవరణలో అయినా చెట్టు కింద అరగంట నిలబడండి, "ఎంత పర్సంటేజీ" అన్న మాట వినబడుతుంది. ఎవరూ మాట్లాడనట్టు నటించడం నాకు చేతకాదు. మొదటే పెద్ద మొత్తం ఫీజు అడిగితే మీ చుట్టాలావిడ అసలు కేసు వేసేదా?

రాజమండ్రి_రాణి
వేసేది కాదు. ఒప్పుకుంటాను. కానీ మా చుట్టాలావిడకి రసీదు కూడా ఇవ్వలేదు మరి, దానికేమంటారు?

లెక్కల_మాస్టారు
మీ ధర్మ చర్చ సాగనివ్వండి, నేను వడ్డీ లెక్క చెబుతా. 3 లక్షల మీద రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 6,000. ఏడాదికి 24 శాతం. కోర్టు తీర్పుల్లో ఇచ్చే వడ్డీ 6 నుంచి 9 మధ్య ఉంటుంది సాధారణంగా. ఆలస్యానికి వడ్డీ వస్తుందిలే అని ఊరుకుంటే మునిగేది శీను గారి అక్కే.

డల్లాస్_దొర
ఇక్కడి పద్ధతి వేరు. నా కారుని వెనక నుంచి గుద్దినప్పుడు లాయర్‌ని పెట్టుకున్నా. ఇక్కడ వచ్చిన దాంట్లో మూడో వంతు ఫీజు అని ముందే రాతపూర్వకంగా ఒప్పందం, చట్టబద్ధమే. ఇన్సూరెన్స్ చెక్కు లాయర్ సొంత ఖాతాలో కాకుండా క్లయింట్ల కోసం విడిగా పెట్టే ట్రస్ట్ ఖాతాలో పడుతుంది. తర్వాత హాస్పిటల్ బాకీ, హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లు తిరిగి అడిగేది, ఇవన్నీ తేలేదాకా మనకి ఇవ్వరు. నా చెక్కు ఆగింది కూడా ఫిజియోథెరపీ బిల్లు తగ్గించమని బేరం జరుగుతున్నందుకే. చివర్లో ఎవరికెంత పోయిందో ఒక షీటు మీద రాసి సంతకం తీసుకుని ఇచ్చారు. లాయర్ మింగేస్తే బాధితులకి ఎంతో కొంత ఇవ్వడానికి టెక్సస్ బార్ దగ్గర నిధి కూడా ఉంది.

ఖమ్మం_కుర్రోడు
దొర గారూ, అక్కడ లాయర్ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఎత్తుతాడా?

డల్లాస్_దొర
కేసు ఒప్పుకోక ముందు అర్ధరాత్రి కూడా ఎత్తుతాడు. తర్వాత రికార్డెడ్ మ్యూజిక్.

పెన్నాతీరం
నేనొక మాట చెప్పాలి. మా వారు పోయిన కేసులో తీర్పు వచ్చాక డబ్బు మొత్తం రాలేదని మా మామగారు లాయర్‌ని ఊరంతా తిట్టారు. తీరా చూస్తే పిల్లలిద్దరి వాటా 18 నిండే వరకు ఎఫ్‌డీలో వేయమని కోర్టే రాసింది. నా వాటాలో కూడా కొంత ఎఫ్‌డీ. అవార్డు చివరి పేజీలో అంతా ఉంది, ఎవరూ చదవలేదు, అంతే. పెద్దదాని ఇంజనీరింగ్ సీటుకి ముందుగానే కొంత తీయాల్సి వస్తే కాలేజీ ఫీజు చలానా, అడ్మిషన్ కాగితం జత చేసి పిటిషన్ వేశాం, ఇచ్చారు. కాబట్టి శీను తమ్ముడూ, 9 లక్షల్లో ఎంత చేతికి, ఎంత ఎఫ్‌డీ అన్నది ముందు చూడు.

కోర్టుపక్షి
పెన్నాతీరం అక్క చెప్పింది చాలా ముఖ్యం. చదువు రాని వాళ్లు, మైనర్ల డబ్బు కరిగిపోకుండా ఎఫ్‌డీ వేయమని 1993లో సుసమ్మా థామస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కింది కోర్టులు అందరికీ అదే వర్తింపజేస్తూ పోతుంటే, గుడ్డిగా అలా చేయొద్దని 2012లో ఏవీ పద్మ కేసులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మేజర్ అయి, డబ్బు అవసరం చూపిస్తే విడుదల చేస్తారు. అప్పు పత్రం, ఆసుపత్రి బిల్లులు ఉంచుకోండి.

మిర్చియార్డ్_శీను
బ్యాంకుకి వెళ్లి వచ్చాం. ఖాతాలో తెరిచినప్పుడు వేసిన వెయ్యి, దాని వడ్డీ తప్ప ఏమీ పడలేదు. చెక్కులు ఆపించాం. ఫోన్ నంబరు జూనియర్‌దే ఉంది, మార్పించాం. రాణి గారూ, మీకు ఎలా తెలిసిపోయిందో గానీ దండం.

రాజమండ్రి_రాణి
దెబ్బ తిన్న ఇల్లు కదా మాది.

ఆటోవాలా_99
కన్జ్యూమర్ కోర్టులో వేసేయండి అన్నా. సేవా లోపం. మా తమ్ముడి కొరియర్ కేసులో డబ్బులిప్పించారు.

నల్లకోటు
కొరియర్ మీద వేయొచ్చు, లాయర్ మీద కుదరదు. అడ్వకేట్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. లాయర్ మీద ఫిర్యాదు అంటే అడ్వకేట్స్ చట్టం 35 సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి. అక్కడ కూడా శిక్ష పడొచ్చు గానీ మీ 9 లక్షలు బార్ కౌన్సిల్ తెచ్చివ్వదు. నిజంగా డబ్బు తీసుకుని వాడుకుంటే పోలీసు కేసు, నమ్మకద్రోహం. కానీ ఇక్కడ ఖాతా ఖాళీగా ఉంది. అంటే కోర్టు నుంచి అసలు బయటికే రాలేదేమో. తొందరపడి ఫిర్యాదులు రాయకండి.

ఖమ్మం_కుర్రోడు
నల్లకోటు సార్ తన కోటుని తాను కాపాడుకుంటున్నారు గానీ, మాట మాత్రం కరెక్టే.

మిర్చియార్డ్_శీను
కోర్టు ఆఫీసుకి వెళ్లాం. ఒక పూట అంతా కూర్చోబెట్టినా చివరికి రిజిస్టర్ తీసి చూపించారు. కంపెనీ జూన్‌లోనే 9 లక్షలు జమ చేసింది! చెక్ పిటిషన్ జులైలో వేశారు. దాన్ని ఆఫీసు వాళ్లు రిటర్న్ కొట్టారు. రెండు అభ్యంతరాలు: అవార్డులో బావ పేరు ఇంటిపేరుతో ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. పాన్ జత చేయలేదు. అప్పటి నుంచి ఎవరూ మళ్లీ వేయలేదు. జూనియర్‌ని నిలదీస్తే "రిటర్న్ అయినట్టు నాకు తెలీదే" అన్నాడు. జూన్ నుంచి "కంపెనీ ఇంకా వేయలేదు" అని చెబుతూ వచ్చారు మాకు.

పాత_గుమాస్తా
ఇన్నాళ్లూ ఊరికే చదివాను, ఇప్పుడు రాయక తప్పదు. నేను చాలాకాలం లాయర్ ఆఫీసులో గుమాస్తాగా చేశా. రిటర్న్ అయిన పిటిషన్ కట్టలు బల్ల కింద ట్రేలో పడి ఉంటాయి. వాటిని సరిచేసి మళ్లీ వేయడం అనేది గొప్ప పనేం కాదు, పేరు వచ్చే పనీ కాదు. సీనియర్ జూనియర్‌కి చెబుతాడు, జూనియర్ గుమాస్తాకి చెబుతాడు, గుమాస్తా వేరే కోర్టులో ఉంటాడు. సరిచేసి వేయడానికి గడువు ఇస్తారు, అది దాటిపోతే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో చిన్న పిటిషన్ తోడవుతుంది. దాంతో ఇంకా బద్ధకం. నేను చూసినంతలో డబ్బు కాజేయడం కన్నా ఇదే ఎక్కువ.

చేయాల్సింది చెబుతా. రెండు పేర్లూ ఒకే మనిషివి అని అఫిడవిట్, ఆధార్, పాన్, కొత్త పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్సు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పిటిషన్‌లో ఉన్నది, పాస్‌బుక్కులో ఉన్నది అంకె అంకె సరిచూసుకోండి. పాత ఖాతా వద్దనుకుంటే కొత్త ఖాతా వివరం ఇప్పుడే మార్చండి, ఆర్డర్ అయ్యాక మార్చాలంటే మళ్లీ మొదటికే.

సుజాత_కూకట్‌పల్లి
పాన్ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో మా నాన్నగారి డబ్బు వచ్చినప్పుడు పాన్ ఇవ్వలేదని వడ్డీ భాగం మీద 10 బదులు 20 శాతం టీడీఎస్ కోశారు. అది వెనక్కి రప్పించుకోవడానికి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయడం, ఆడిటర్ చుట్టూ తిరగడం అదో కేసు.

కోర్టుపక్షి
నిజానికి ఈ తిరుగుడంతా తగ్గించమనే 2025లో సుప్రీంకోర్టు రెండుసార్లు చెప్పింది. మార్చిలో పర్మిందర్ సింగ్ కేసులో, కోర్టులో జమ చేయించడం బదులు కంపెనీ నేరుగా బాధితుడి ఖాతాలోకే వేసేలా ట్రిబ్యునళ్లు ఆదేశించవచ్చు అంది. ఏప్రిల్‌లో, ఎవరూ తీసుకోకుండా కోర్టుల్లో మూలుగుతున్న పరిహారం సొమ్ము గురించి సొంతంగా విచారణ చేపట్టి, కేసు వేసేటప్పుడే ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు తీసుకోమంది. ఒక రిటైర్డ్ జడ్జి గారు రాసిన ఈమెయిల్‌తో మొదలైందది. అంటే శీను గారి బావ లాంటి వాళ్లు దేశమంతా ఉన్నారన్నమాట.

మిర్చియార్డ్_శీను
ఇప్పుడు అసలు చిక్కు. లాయర్ గారు స్వయంగా ఫోన్ చేశారు (చెక్కులు ఆగిపోయాయని తెలిసినట్టుంది). "నా మీద నమ్మకం లేకపోతే ఫైలు తీసుకుపోండి, నా 1 లక్షా 80 వేలు ఇచ్చి" అన్నారు. మా దగ్గర ఇప్పుడు 18 వేలు కూడా లేవు. ఫైలు ఇవ్వకపోతే ఎలా?

నల్లకోటు
ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు లాయర్‌కి లేదు. 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయన నో అబ్జెక్షన్ ఇవ్వకపోయినా కోర్టు అనుమతితో లాయర్‌ని మార్చుకోవచ్చు. కానీ మీరు మార్చకండి అంటాను నేను. మిగిలింది ఒక్క పిటిషన్ సరిచేయడం. ఆయన నాలుగేళ్లు పని చేశారు, కేసు గెలిపించారు, అదీ నిజమే. స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ పెట్టి, ఒక ఉత్తరం పంపండి: పిటిషన్ రిటర్న్ అయిన సంగతి మాకు తెలిసింది, ఫలానా తేదీలోగా సరిచేసి వేయండి, మీ ఖర్చుల లెక్క ఇవ్వండి, డబ్బు చేతికి రాగానే మాట్లాడుకుందాం. తిట్టు ఒక్కటీ వద్దు. రసీదు దాచుకోండి.

రాజమండ్రి_రాణి
నేను ఒప్పుకోను. ఆరు నెలలు అబద్ధం చెప్పినాయనకి అదే 20 శాతమా? ఆ అక్క కట్టిన వడ్డీ అయినా తగ్గించుకోవాలి.

లెక్కల_మాస్టారు
జులై నుంచి లెక్క వేసినా పాతిక వేలకి తక్కువ ఉండదు ఆ వడ్డీ. బేరానికి అది మొదటి అంకె.

పాత_గుమాస్తా
ఇచ్చేది ఎంతైనా చెక్కు ద్వారానే ఇవ్వండి, నగదు వద్దు.

మిర్చియార్డ్_శీను
న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి కూర్చుంటే అక్కడి ప్యానల్ లాయరమ్మ ఆయనకి ఫోన్ చేసి మాట్లాడింది. మరుసటి రోజే జూనియర్ వచ్చి అఫిడవిట్ మీద బావ సంతకం తీసుకుని వెళ్లాడు. పిటిషన్ మళ్లీ వేశారు, ఈసారి నంబరు పడింది, యాప్‌లో నేనే చూసుకున్నా. వాయిదా వచ్చే నెల. ఫీజు 15 శాతానికి దిగారు, రసీదు ఇస్తామన్నారు. అక్క సరే అంది, బావ ఇంకా అనలేదు.

కోర్టుపక్షి
వాయిదా రోజు బావ గారిని ఒరిజినల్ ఆధార్‌తో కోర్టులో ఉండమనండి. పేరు తేడా ఉన్న కేసుల్లో జడ్జి గారు మనిషిని చూడాలంటారు ఒక్కోసారి.

ఆటోవాలా_99
న్యాయ సేవా వాళ్ల ఫోన్ నంబరు ఏంటన్నా? మావాడికి కావాలి.

కోర్టుపక్షి
15100. దేశమంతా అదే.

సిద్దిపేట_చిన్నోడు
మాది వేరే సంగతి. ట్రిబ్యునల్‌లో గెలిచినం, కంపెనీ హైకోర్టుకు పోయింది. స్టే కోసం సగం పైసలు కట్టింది. ఆ సగం ఇప్పుడే తీసుకోవచ్చా, అప్పీలు తేలేదాకా ఆగాలా?

కోర్టుపక్షి
స్టే ఆర్డర్ కాపీ తెచ్చుకుని చదవండి, ఎంత తీసుకోవచ్చో, ష్యూరిటీ కావాలో వద్దో అందులోనే రాస్తారు. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిస్తే ఎవరికీ అర్థం కాదు.